డంపింగ్ యార్డు గేటుకు తాళం వేసే ముందు

ప్రశ్న: మా పట్టణ జనాభా లక్షా ఇరవై వేలు. ఊరి పక్కనున్న మూడెకరాల డంపింగ్ యార్డు మూసేసి, చెత్తను 22 కిలోమీటర్ల దూరంలోని ప్లాంటుకు పంపాలని తీర్మానం చేశాం. ఆటోలు నేరుగా అక్కడికే వెళ్లొచ్చు కదా? మధ్యలో చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఖర్చు ఎందుకు?
– ఒక కౌన్సిలర్, పల్నాడు జిల్లా

జవాబు: తలకు 400 గ్రాముల చొప్పున వేసుకున్నా మీ ఊళ్లో రోజుకు 48 టన్నులు వస్తుంది. ఆటో టిప్పర్‌లో 600 కిలోలు పడతాయనుకుంటే 80 ట్రిప్పులు. రానూపోనూ 44 కిలోమీటర్లంటే రోజుకు 3,520 కిలోమీటర్ల డీజిల్. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆటో ఒకసారి ఊరు దాటితే తిరిగొచ్చేసరికి రెండు గంటలు పోతాయి. ఆలోగా రెండో వీధిలో జనం చెత్తను కాలువలో పడేస్తారు. అదే 48 టన్నులను 9 టన్నులు పట్టే క్యాప్సూళ్లలో (మూసి ఉండే పెద్ద డబ్బాల్లో) కుదించి, వాటిని కొక్కెంతో ఎత్తి మోసుకెళ్లే హుక్ లోడర్ లారీతో పంపితే ఆరు ట్రిప్పులు, 264 కిలోమీటర్లు. దూరం 15 కిలోమీటర్లు దాటితే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ గురించి ఆలోచించాల్సిందే.

అయితే చాలా డీపీఆర్‌లు (ప్రాజెక్టు వివర నివేదికలు) రోజుకెన్ని టన్నులో చూసి ఊరుకుంటాయి, గంటకెన్ని బండ్లో చూడవు. స్టేషన్లు కుప్పకూలేది అక్కడే. మీ 80 ట్రిప్పుల్లో 60 ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర మధ్యే వస్తాయనుకోండి. అంటే రెండున్నర నిమిషాలకో ఆటో. కాటా వేసి, ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కి, హాపర్‌లో (చెత్త పోసే తొట్టిలో) కుమ్మరించి దిగడానికి అయిదు నిమిషాలు. ఒకే హాపర్ ఉంటే పదకొండున్నరకు ఇంకా 30 బండ్లు రోడ్డు మీదే ఉంటాయి. రెండు హాపర్లుంటే లెక్క బొటాబొటిగా సరిపోతుంది, ఒకటి మొరాయిస్తే మళ్లీ క్యూ. కాబట్టి మూడోదానికి పునాదైనా ఇప్పుడే వేయించండి.

పదిహేను ఆటోలకు ఒక క్యాప్సూల్ నిండుతుంది. రెండు హాపర్ల కింద రెండు క్యాప్సూళ్లు గంటంబావులో నిండి, రెండున్నర గంటలకు గానీ తిరిగి రావు. ఆలోగా మరో రెండు నిండిపోతాయి. అందుకే ఆరు క్యాప్సూళ్లు, రెండు హుక్ లోడర్లు, ఒక స్పేర్ బండి అడగండి. క్యాప్సూళ్లు తగ్గించి మిగిల్చిన డబ్బు చివరికి నేల మీద కుప్పల రూపంలో కనిపిస్తుంది.

స్థలం చిన్నదని ర్యాంపు కుదించనివ్వకండి. హాపర్ వేదిక 3 మీటర్ల ఎత్తుంటే 1:10 వాలుకు 30 మీటర్ల ర్యాంపు కావాలి. 1:6కి దించితే, లీచేట్ (చెత్తలోంచి ఊరే మురుగు నీరు) కారి జారుడుగా మారిన కాంక్రీటు మీద నిండు ఆటో వెనక్కి జారుతుంది. తడి చెత్తను కుదిస్తే నీళ్లు కారక తప్పదు. అయిదు శాతం కారినా రోజుకు 2,400 లీటర్లు. మూతున్న సంపు, దాన్ని తోడుకెళ్లే ట్యాంకర్, ఆ నీళ్లు తీసుకునే శుద్ధి ప్లాంటు పేరు... ఈ మూడూ ప్లానులో రాసి ఉన్నాయా చూడండి. ఇటుక ముక్కలు, కూల్చిన గోడల శిథిలాలు హాపర్‌లో పడకుండా కాటా దగ్గరే ఆపే మనిషి ఉండాలి. అవి చెత్తను నొక్కే పుష్ ప్లేటును వంచేస్తాయి, సీళ్లను కోసేస్తాయి. కరెంటు పోతే నడపడానికి జనరేటర్ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కొత్త స్టేషన్ కనీసం ఒక నెల నిండు లోడుతో, అందులో ఒక పండగ రద్దీతో సహా నడిచాకే పాత గేటుకు తాళం వేయండి. ముందే వేస్తే డంపింగ్ యార్డు మూతపడదు, చెరువు గట్టుకు మారుతుంది.

ప్రశ్న: మా కాలనీ పక్క యార్డులో బయోమైనింగ్ (పాత చెత్తను తవ్వి, జల్లించి వేరు చేయడం) చేస్తున్నారు. కాంట్రాక్టర్ పని సరిగా చేస్తున్నాడో లేదో మాలాంటివాళ్లు ఎలా కనిపెట్టాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఖమ్మం

జవాబు: మొదట కొలత చూడండి. ఉదాహరణకు మూడెకరాల యార్డంటే సుమారు 12,140 చదరపు మీటర్లు. సగటు ఎత్తు 5 మీటర్లయితే 60,700 ఘనపు మీటర్లు, బరువులో 50 నుంచి 60 వేల టన్నులు. స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశ లెక్కకట్టే టన్నుకు 550 రూపాయల చొప్పున 60 వేల టన్నులకు 3.3 కోట్లు. చెత్త నేల మట్టం కింద కూడా ఉంటుంది. చాలా యార్డులు పాత క్వారీ గుంతల్లోనో చెరువు శిఖంలోనో మొదలయ్యాయి. నాలుగైదు చోట్ల అసలు మట్టి తగిలేదాకా తవ్వి చూడకుండా డ్రోన్ సర్వే ఒక్కదాన్నే నమ్ముకుంటే, పని అయిపోయిందన్నాక కూడా కింద చెత్త మిగులుతుంది.

రెండోది, పనిచేసే కాలం. తవ్విన చెత్తను రెండు మీటర్ల ఎత్తుకు మించని వరుసలుగా పోసి, బయో కల్చర్ (చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ద్రావణం) చల్లి, వారానికోసారి తిరగేసి ఆరబెట్టాకే ట్రోమెల్‌కు (తిరిగే జల్లెడకు) ఎక్కించాలి. వానాకాలంలో తడి మట్టి జల్లెడ రంధ్రాలను మూసేస్తుంది, ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. ఆ మట్టితోనే ఆర్‌డీఎఫ్ (చెత్త నుంచి తీసిన ఇంధనం) బేళ్లు కట్టి పంపితే, బూడిద ఎక్కువని సిమెంటు ఫ్యాక్టరీ లారీని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపుతుంది. అవి మళ్లీ మీ యార్డుకే చేరతాయి. ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు వంద కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం ఆర్‌డీఎఫ్ వాడాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. అయినా సరుకు నాసిరకమైతే ఎవరూ తీసుకోరు.

లోపలికి పోయిన టన్నులకు కాదు, బయటికి పోయిన టన్నులకు బిల్లు చెల్లించాలి. మట్టి ఎక్కడికి, ఆర్‌డీఎఫ్ ఎక్కడికి, రాళ్లూ పెంకులూ ఎక్కడికి వెళ్లాయో, అవతల దించుకున్నవాళ్ల కాటా చీటీలు ఉన్నాయా అడగండి. జల్లించిన మట్టిలో సీసం, కాడ్మియం వంటి లోహాలుండొచ్చు. పరీక్ష రిపోర్టు లేకుండా పొలాలకు ఎరువుగా ఇస్తున్నారంటే ఊరుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పక్క తవ్వుతూ ఇంకో పక్క తాజా చెత్త పోస్తున్నారేమో గమనించండి. పోస్తుంటే ఆ పనికి ముగింపు లేదు.

ప్రశ్న: బయోమైనింగ్ ఖర్చెక్కువని, చెత్తగుట్ట మీద ఎర్ర గ్రావెల్ పోసి పార్కు చేస్తామంటున్నారు. గుట్టకు దగ్గర్లోనే మా బోరుంది. ప్రమాదమా?
– ఒక గృహిణి, మేడ్చల్

జవాబు: గ్రావెల్ నీళ్లను ఆపదు. వాన నేరుగా లోపలికి దిగి లీచేట్‌గా బయటికొస్తుంది. 2016 నిబంధనల ప్రకారం మూతలో అడుగున 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద 15 సెంటీమీటర్ల డ్రైనేజీ పొర, పైన మొక్కలకు 45 సెంటీమీటర్ల మట్టి కావాలి. మన నల్లరేగడి పనికొస్తుంది కానీ ఎండలో వదిలేస్తే బీటలు వారుతుంది. పరిచిన వెంటనే పై పొరలు వేయాలి. మీథేన్ పోవడానికి గొట్టాలు తప్పనిసరి. అవి లేకపోతే వాయువు పక్కకు పాకి పునాదుల్లో చేరుతుంది.

మూత వేసినంత మాత్రాన లోపలున్న లీచేట్ ఆగదు. హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ చెత్తగుట్టకు మూత వేశాక కూడా దాన్ని పట్టి శుద్ధి చేయాల్సే వస్తోంది. గుట్ట అంచు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించాలని 2016 నిబంధనల్లో ఉంది. ఆ రిపోర్టులు మున్సిపాలిటీని రాతపూర్వకంగా అడగండి, మీ బోరు నీళ్లూ పరీక్ష చేయించండి. ఆ నీళ్లు బాగున్నాయని తేలేదాకా తాగకండి, వంటకు వాడకండి.

ప్రశ్న: మూసేసిన యార్డులో ఇళ్ల పట్టాలివ్వొచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చెత్తంతా తీసేసి అసలు నేల తేలితే, మట్టి పరీక్ష చేసి ఆలోచించొచ్చు. మూత వేసిన గుట్ట మీద మాత్రం కుదరదు. అది ఏళ్ల తరబడి ఒక్కో చోట ఒక్కోలా కుంగుతుంది. కనీసం 15 ఏళ్ల పర్యవేక్షణ తర్వాత వాయువులు, లీచేట్ ప్రమాణాల్లో ఉండి, నేల నిలకడగా ఉందని తేలితేనే ఆ మాట ఎత్తాలి.