బండి బాగోగులు: పాత టర్బో తెచ్చి బిగిస్తే పవర్ పెరుగుతుందా?

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఇదే ఇంజను ఎర్టిగాలో 90 హార్స్‌పవర్ ఇస్తుందని, తేడా అంతా టర్బోలోనే ఉందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో కటింగ్‌కి, అంటే ముక్కలుగా విప్పి అమ్మడానికి, వచ్చిన ఎర్టిగా టర్బో ఒకటి చూసి వచ్చాను. అది బిగిస్తే నా బండికి ఆ పవర్ వస్తుందా? పాత టర్బో కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్స్ చెప్పిన దాంట్లో సగం నిజం. ఇంజను ఒకటే, ఫియట్ వాళ్ళ 1248 సీసీ మల్టీజెట్. మీ స్విఫ్ట్‌లో అది 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఎస్ఎక్స్4, ఎర్టిగాలలో 90, 200. టాటా మాంజాలో వచ్చిన క్వాడ్రాజెట్ 90 కూడా ఈ ఇంజనే.

టర్బోలు మాత్రం వేరు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ జోరుతో తిరుగుతూ, ఇంజనులోకి ఎక్కువ గాలి నొక్కే పంపు. మీ దాంట్లో టర్బైన్‌కి, అంటే పొగ తిప్పే చక్రానికి, పొగ వెళ్ళే దారి ఎప్పుడూ ఒకే సైజు. ప్రెషర్ ఎక్కువైతే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని, ఎక్కువైన పొగ పక్కదారిన పోతుంది. ఎర్టిగా టర్బోలో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి, వేన్లు అంటాం. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరకు ముడుచుకుని పొగను సన్నటి సందులోంచి జోరుగా కొడతాయి. స్పీడు అందుకున్నాక తెరుచుకుంటాయి. పొలంలో నీళ్ళ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎంత దూరం చిమ్ముతాయో మీకు తెలుసు కదా, అదే పని.

ఆ రెక్కలు ఎంత ముడవాలో చెప్పేది ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటర్. మీ స్విఫ్ట్ ఈసీయూలో ఆ లెక్క లేదు, ఆ వైరింగూ లేదు. కొందరు వాక్యూమ్ పైపును (గాలి పీల్చే పైపు) నేరుగా టర్బో రెక్కల్ని కదిపే ఆక్చుయేటర్‌కి కలిపేసి పని అయిపోయిందంటారు. అప్పుడు రెక్కలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి. ఊళ్ళో బండి భలే లాగుతుంది. హైవే ఎక్కి తొక్కితే ప్రెషర్ ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళు ఉండరు. హోసులు ఊడతాయి, హెడ్ గ్యాస్‌కెట్ పోతుంది. వాక్యూమ్ అసలు కలపకపోతే రెక్కలు తెరుచుకునే ఉండి, ఇప్పుడున్న లాగుడు కూడా పోతుంది. ఇంకో మాట. డీజిల్ ఇంజనుకి గాలి ఎంత ఎక్కువిచ్చినా, డీజిల్ పాత లెక్కలోనే పోస్తుంటే పవర్ పెరగదు. అంటే ఈసీయూ, వైరింగు, సెన్సర్లు, ఇంజెక్టర్లు అన్నీ చూసుకోవాలి. 15 హార్స్‌పవర్ కోసం ఇంత ఖర్చు నేనైతే పెట్టించను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సవరించిన 182ఎ సెక్షన్ ప్రకారం అలా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తి చూస్తే మీ క్లెయిముకు అడ్డం పడుతుంది.

ముందు నేను మిమ్మల్ని అడిగేది, మీ బండిలో ఆ 75 ఇప్పుడు ఉన్నాయా అని. మొన్న వర్షాల్లో ఇలాంటి స్విఫ్టే మా షెడ్డుకి వచ్చింది. లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కడం లేదు, టర్బో మార్చేయమన్నాడు కుర్రాడు. కింద పడుకుని చూస్తే టర్బో నుంచి వచ్చే రబ్బరు హోసు క్లిప్పు దగ్గర వేలెడంత చీలింది. చుట్టూ ఆయిల్ తడి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి పట్టు. టర్బో నొక్కిన గాలి సగం అక్కడే పోతోంది. హోసు, రెండు క్లిప్పులు మార్చాం, పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వులో కార్బన్ గీకాం, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాం. బండి మళ్ళీ కొత్తప్పటిలా లాగింది. మీరూ ముందు ఇవి చూపించండి.

ఇక పాత టర్బో ఎలా చూసి కొనాలి? ఉన్న టర్బో నిజంగా పోయి, అదే నంబరు టర్బో స్క్రాప్‌లో దొరికితే కొనడంలో తప్పులేదు. అయితే టర్బో కంటే ముందు దాన్ని విప్పిన బండిని చూడాలి. వెనకనుంచో పక్కనుంచో గుద్దుకుని కటింగ్‌కి వచ్చిన బండి అయితే ఆశ ఉంది, దాని ఇంజను అప్పటిదాకా తిరుగుతూనే ఉంది. ఇంజను సీజై వచ్చిన బండి అయితే ఆ టర్బో జోలికి పోకండి. డిప్‌స్టిక్ లాగి చూడండి. ఆయిల్ తారులా ఉంటే టర్బో తాగిందీ అదే. నిమిషానికి 2 లక్షల చుట్లు పైగా తిరిగే షాఫ్ట్ అది, ఇనుము ఇనుముకి తగలకుండా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ మంచిదైతేనే టర్బో మంచిది.

షాపులో టర్బో చేతికిచ్చాక తొందరపడకండి, వెలుతురులోకి తెచ్చుకోండి. గాలి లాగే వైపు షాఫ్ట్ కొసన నట్టు ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకు లాగి వెనక్కి నొక్కండి. ఆ కదలిక వేళ్ళకి తెలియకూడదు. టక్ టక్‌మని తెలిసిందంటే షాఫ్ట్‌ని ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయింది, అక్కడే పెట్టి వచ్చేయండి. తర్వాత పైకీ కిందికీ ఊపండి. ఇక్కడ కొంచెం ఆట ఉండటం మామూలే, లోపల ఆయిల్ లేదు కాబట్టి. చాలామంది ఈ ఆట చూసి మంచి టర్బోని వదిలేస్తారు, ఆ ముందుకూ వెనక్కూ కదిలేది చూడకుండా చెడ్డది కొంటారు. అలా పక్కకి నొక్కి పట్టుకునే వేలితో తిప్పండి. బ్లేడు గోడకి గీసుకోకూడదు. సెల్‌ఫోన్ లైటు వేస్తే, గీసుకున్న చోట హౌసింగ్ (టర్బో పై గుల్ల) లోపల అల్యూమినియం తళతళమని గీతలా కనిపిస్తుంది.

బ్లేడ్ల అంచుల మీద గోరు నడపండి. కొడవలి పళ్ళలా తగిలితే ఏ రాయో, విరిగిన ముక్కో లోపలికి పోయింది. పొగ వైపు పొడిగా, బూడిద రంగులో ఉంటే మంచిది. నల్లగా జిడ్డుగా ఉంటే సీలు పోయింది. హౌసింగ్ మీద పైపైన వెంట్రుక వాసి పగుళ్ళు పాత టర్బోల్లో ఉంటాయి, గోడ దాటి బయటికి వచ్చిన పగులు మాత్రం వద్దు. రెక్కల టర్బో అయితే ఆక్చుయేటర్ లింకును చేత్తో నొక్కి వదలండి. పట్టేయకుండా వెళ్ళి తిరిగి రావాలి. చాన్నాళ్ళు పడున్న వాటిలో మసి పట్టి రెక్కలు బిగుసుకుపోతాయి.

బిగించేటప్పుడు చేసే తప్పే ఎక్కువ టర్బోల్ని చంపుతుంది. పదిహేనేళ్ళ కింద నేనూ చేశాను. ఒక జీపుకి మంచి పాత టర్బో వెతికి తెచ్చి వేశాను, ఆయిల్ పైపు మాత్రం పాతదే పెట్టాను. పైన చూడటానికి బాగానే ఉంది. నాలుగో రోజుకి బండి తెల్లపొగతో తిరిగొచ్చింది. ఆ పైపు హాక్‌సా బ్లేడుతో కోసి చూస్తే లోపల కార్బన్ గట్టిపడి, పెన్సిల్ ములుకు దూరేంత రంధ్రమే మిగిలింది. ఆ ఓనరు ఒక్క మాట అనలేదు, నా డబ్బుతో ఇంకో టర్బో వేసిచ్చాను. అప్పటినుంచి కొత్త పైపు తేకపోతే టర్బో ముట్టుకోను. ఆయిలూ ఫిల్టరూ కొత్తవి వేయాలి, గ్యాస్‌కెట్లూ రాగి వాషర్లూ మార్చాలి, పాత టర్బో కక్కిన ఆయిల్‌ని, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోంచి కడిగేయాలి. ఆయిల్ రంధ్రాల దగ్గర గ్యాస్‌కెట్ పేస్టు పూయనివ్వకండి, ఎండిన ముక్క ఊడి రంధ్రం మూస్తుంది. బిగించే ముందు రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి షాఫ్ట్ చేత్తో తిప్పాలి. ఇంజను స్టార్ట్ కాకుండా ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాలి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా వారి డీజిల్ కారు మొన్న సూర్యాపేట దాటాక దానంతట అదే రేస్ అయిపోయింది. కీ తీసేసినా ఆగలేదు, వెనక అంతా పొగే. పిల్లలతో ఉన్నాం, చాలా భయపడ్డాం. టర్బో పోయిందని, పాతది వేద్దామని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరంతా క్షేమంగా ఉన్నారు, అది చాలు. టర్బో సీలు పోతే దాని ఆయిల్ గాలితో కలిసి ఇంజనులోకి పోతుంది. డీజిల్ ఇంజను దాన్నే ఇంధనంగా కాల్చేస్తుంది కాబట్టి కీ తీసినా ఆగదు. మళ్ళీ ఎప్పుడైనా ఇలా అయితే, గేర్ల బండి అయితే బండి పక్కకి ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలేయాలి. ఇంజను ఆగిపోతుంది. ఆగకపోతే పిల్లల్ని దించి దూరంగా జరగండి, బానెట్ కిందికి చేతులు పెట్టొద్దు.

మీకు నేను స్క్రాప్ టర్బో చెప్పను. పిల్లలతో హైవే మీద తిరిగే కారు. మీ టర్బో హౌసింగే ఉంచి లోపలి కోర్, అంటే షాఫ్ట్, చక్రాలు, బేరింగుల సెట్టు, కొత్తది వేసి, బ్యాలెన్సింగ్ మెషిన్ మీద చూపించి ఇచ్చే టర్బో షాపులున్నాయి. అక్కడికి పంపమనండి. ఇంజను అంత రేస్ అయింది కాబట్టి బేరింగులు, కంప్రెషన్ కూడా చూసి, ఆ తర్వాతే టర్బోకి డబ్బు పెట్టండి.

ప్రశ్న: నా పెట్రోల్ ఆల్టోకి చిన్న పాత టర్బో ఒకటి పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. మీ ఇంజను కంప్రెషన్, పిస్టన్లు టర్బో కోసం చేసినవి కావు. ఎక్కువ గాలి నొక్కితే పెట్రోల్ వేళకాని వేళ పేలి పిస్టన్ తల కరుగుతుంది.

ప్రశ్న: పాత సామాను షాపువాళ్ళు బిల్లు ఇవ్వమంటే నవ్వుతున్నారు. బిల్లు లేకుండా టర్బో కొంటే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దొంగ బండిదైతే కష్టం మీదాకా వస్తుంది. మీరట్ సోతీగంజ్ మార్కెట్‌కి దేశం నలుమూలల నుంచి దొంగ బండ్లు వచ్చి ముక్కలయ్యేవి. 2021 డిసెంబరులో పోలీసులు ఆ షాపులన్నీ మూయించారు. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద 3 ఏళ్ళ వరకు జైలు. నాకు తెలియదంటే నమ్మాలి కదా, అందుకే బిల్లు.

బిల్లు మీద ఏ బండిలోంచి విప్పారో ఆ ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయించుకోండి. నిజాయితీగా వ్యాపారం చేసే షాపతను బండి కాగితాలు తీసి చూపిస్తాడు, అలాంటివాళ్ళు మన ఆటోనగర్‌లో చాలామంది ఉన్నారు. టర్బో మీద నంబరు ప్లేటు ఉందో లేదో చూడండి. రివెట్లు కొట్టేసి ప్లేటు పీకేసి ఉంటే, బ్లేడ్లు ఎంత బాగున్నా తిరిగిచ్చేయండి. తెనాలి తమ్ముడు చూసి వచ్చిన ఆ ఎర్టిగా టర్బోకైనా ఇదే మాట.