లేయర్ దాణా పిల్లలకు పెట్టకండి

ప్రశ్న: మా పెరట్లో గుడ్లు పెట్టే పెట్టలు 9, రెండు నెలల వనరాజా కోళ్లు 15, మూడు వారాల పిల్లలు 20 ఉన్నాయి. వేర్వేరు దాణాలు కొనలేక మొదటి నుంచీ అన్నింటికీ లేయర్ దాణానే (గుడ్లు పెట్టే పెట్టల దాణా) వేస్తున్నాను. వారం నుంచి పిల్లలు ముడుచుకుని కూర్చుంటున్నాయి, తెల్లగా పారుకుంటున్నాయి. ఐదు చనిపోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే గుండె మీద సున్నం పూసినట్లుంది. కొక్కెర తెగులని దాణా దుకాణంలో యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. అన్నింటికీ పనికొచ్చే దాణా ఏది?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇది కొక్కెరలా (రాణిఖెట్ వ్యాధిలా) లేదు. కొక్కెర వస్తే పెద్ద కోళ్లను వదలదు. ఆకుపచ్చ పారుడు, రొప్పు, మెడ వంకర్లు కనిపిస్తాయి. మీ దగ్గర పోతున్నవి పిల్లలే. గుండె మీద మీరు చూసిన సున్నం యూరిక్ ఆమ్లపు పొర. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, పిల్లలకు 1 శాతం చాలు. మిగిలిన భారమంతా మూత్రపిండాల మీద పడి అవి పాడవుతాయి, అప్పుడు బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం ఒంట్లోనే పేరుకుంటుంది.

లేయర్ దాణా ఈ పూటే ఆపండి. లీటరు నీటికి 5 గ్రాముల బెల్లం కలిపి మూడు రోజులు ఇవ్వండి. నీళ్ల తొట్టి ఎప్పుడూ ఖాళీ కాకూడదు. బాగా ముడుచుకున్నవి కోలుకోవడం కష్టమే.

ఒకే దాణా కావాలంటే 18–20 శాతం మాంసకృత్తులు, 1 శాతం కాల్షియం ఉన్న పిల్లల దాణాను అన్నింటికీ వేయండి. పిల్లలకు ఎనిమిది వారాలు నిండాక 16 శాతం మాంసకృత్తుల గ్రోయర్ దాణాకు (ఎదిగే కోళ్ల దాణా) మారవచ్చు. పెట్టలకు తక్కువయ్యే కాల్షియం కోసం ఆల్చిప్పల గుల్లను వేరే తొట్టిలో పెట్టండి. దాణాలో మాత్రం కలపకండి, కలిపితే మళ్లీ పిల్లల కడుపులోకే పోతుంది. గుల్ల మెత్తటి పొడి కాకుండా నూకంత పలుకులుండాలి. పెట్టకు రోజుకు 5 గ్రాముల లెక్కన సాయంత్రం వేయండి, గుడ్డు పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూటే. గుల్ల అవసరం లేని కోడి సాధారణంగా దాని జోలికి పోదు. సంచి మీది చీటీ కూడా చదవండి: నికార్బజిన్ (కాక్సిడియోసిస్ అనే రక్తపారుడు రాకుండా వాడే మందు) కలిపిన దాణా పెట్టలకు పనికిరాదు, గుడ్లు తగ్గుతాయి, గోధుమ రంగు పెంకు పాలిపోతుంది.

ఇక ఆ యాంటీబయాటిక్. కొక్కెర వైరస్ వల్ల వచ్చేది, దానికి యాంటీబయాటిక్ మందే కాదు. పైగా కొన్ని మందులు దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా కుంగదీస్తాయి. కోడిని చూడకుండా, కోసి పరీక్షించకుండా రోగం పేరు చెప్పేవారి దగ్గర దాణా కొనుక్కోండి, వైద్యం కొనకండి. రాష్ట్రంలో పశువైద్యశాలలు ఉన్నది ఎందుకు?

కొక్కెర మాట మీరే తెచ్చారు కనుక అడుగుతున్నాను, రెండు నెలల కోళ్లకు కొక్కెర రాకుండా వేసే ఆర్‌2బి టీకా వేయించారా? ఎనిమిదో వారంలో రెక్క కింద చర్మంలోకి 0.5 మి.లీ. వేయాలి. పిల్లలకు 7వ రోజున లసోటా (అదీ కొక్కెర టీకాయే) వేయించారో లేదో కూడా మీరు రాయలేదు. నలతగా ఉన్నవాటికి మాత్రం ఇప్పుడు ఏ టీకా వద్దు.

గంబోరో అనే మరో వైరస్ రోగంలోనూ తెల్లటి పారుడు ఉంటుంది. కాబట్టి ఇంకో పిల్ల చనిపోతే పారేయకుండా మంచుగడ్డల డబ్బాలో పెట్టి, అదే రోజు పశువైద్యాధికారికి చూపించండి.