పెరుగన్నం దగ్గర లేచిపోయిన తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో చేరి ఏడేళ్లయింది. మొన్న సెలవు మీద వస్తే బంధువుల పెళ్లికి వెళ్లాం. బంతిలో పక్కన కూర్చున్న మా మేనత్త కొడుకు "నాగాలాండ్‌లో చేశావు కదా బావా, ఎంతమందిని లేపేశావేంటి?" అని అందరికీ వినపడేలా అడిగాడు. పెరుగన్నం కలుపుకుంటున్న మావాడు ఏమీ అనకుండా లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికొచ్చాక నాన్న "మన జవాన్లు తప్పు చెయ్యరు, అక్కడ మామూలు జనాన్ని చంపారన్నవన్నీ కట్టుకథలు" అని కేకలేశారు. విచిత్రం ఏంటంటే తమ్ముడు నాన్న మీద కూడా విసుక్కున్నాడు. వాడితో ఏం మాట్లాడాలో తెలియట్లేదు.
– ఓ అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, వాడు నాన్నగారి మీద ఎందుకు విసుక్కున్నాడో నాకు అర్థమైందనుకుంటున్నాను. కట్టుకథ కాదని వాడికి తెలుసు. 2021 డిసెంబర్ 4 సాయంత్రం నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో, బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ బండిలో ఓటింగ్ అనే ఊరికి తిరిగొస్తున్న కూలీలను మిలిటెంట్లనుకుని సైన్యంలోని ప్రత్యేక దళం కాల్చింది. ఆరుగురు చనిపోయారు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లకీ జవాన్లకీ గొడవై మరో ఏడుగురు, ఒక జవాను పోయారు, మర్నాడు మోన్ పట్టణంలో ఇంకొకరు. మొత్తం పద్నాలుగు మంది మామూలు జనం. రాష్ట్ర పోలీసులు 2022లో ఒక మేజర్‌తో సహా 30 మంది మీద ఛార్జిషీట్ వేశారు. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం అక్కడ జవాన్లను కోర్టుకు లాగాలంటే కేంద్రం అనుమతి ఉండాలి, ఆ అనుమతి రాలేదు, 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ముగించింది.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. ఆ 30 మంది తప్పు చేశారో లేదో కోర్టులో తేలలేదు కాబట్టి అనుమానం ఎవరి మీద నిలవాలో వాళ్ల మీద నిలవకుండా, యూనిఫాం వేసుకున్న ప్రతివాడి మీదా కొంచెం కొంచెం పడింది, అందులో మీ తమ్ముడి వాటా పెళ్లి బంతి దాకా వెంటపడి వచ్చింది. నాన్నగారు "ఎవరూ తప్పు చెయ్యరు" అన్నప్పుడు కొడుకును కాపాడుతున్నాననుకున్నారు. నిజానికి ఆ మాట తప్పు చేసినవాణ్ణీ మీవాణ్ణీ ఒకే గాటన కట్టేసింది, బావమరిది చేసింది కూడా అదే.

ఇది మన దగ్గరే మొదలైంది కాదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లై ఊళ్లో అమెరికా సైనికులు వందల మంది ముసలివాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను కాల్చి చంపారు. అక్కడి స్మారకం మీద 504 పేర్లున్నాయి. శిక్ష పడింది ఒక్కడికి, లెఫ్టినెంట్ విలియం కాలీకి. 1971లో యావజ్జీవం వేస్తే జనం అతన్ని బలిపశువంటూ వైట్‌హౌస్‌కు టెలిగ్రాములు కుప్పలుగా పంపారు, అధ్యక్షుడు నిక్సన్ అతన్ని జైలు నుంచి తీయించి గృహనిర్బంధంలో పెట్టించాడు, 1974 కల్లా బయటికొచ్చేశాడు. మరోవైపు, నిర్బంధ భర్తీలో వెళ్లి ఒక్క పౌరుణ్ణి కూడా ముట్టుకోని కుర్రాళ్లకు సైతం ఏళ్ల తరబడి "పిల్లల్ని చంపినవాళ్లు" అన్న ముద్ర మిగిలింది.

అదే రోజు అదే ఊరిమీద హ్యూ థాంప్సన్ అనే పైలట్ హెలికాప్టర్ నడుపుతున్నాడు. కింద జరుగుతున్నది చూసి, పారిపోతున్న ఊరివాళ్లకీ తన సైనికులకీ మధ్య హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్లను కాలిస్తే మీరు మనవాళ్లను కాల్చండి అని తన సిబ్బందికి చెప్పి, దిగి వెళ్లి వాళ్లను బయటపడేశాడు. ఆయనతో ఉన్న ఆండ్రియోటా శవాల గుంటలోకి దిగి బతికున్న ఒక పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చాడు. నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత విచారణలో నిజం చెప్పినందుకు థాంప్సన్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఆ పనికి సోల్జర్స్ మెడల్ రావడానికి 1998 దాకా పట్టింది. ఆయన కూడా సైనికుడేనమ్మా. "సైనికులంతా ఇంతే" అంటే ఆయన్ని ఎక్కడ పెడతాం?

తమ్ముణ్ణి ఓదార్చాలని చూడకండి, "నువ్వు అలాంటివాడివి కాదులే" అని కూడా అనకండి, ఆ మాటలో కూడా అనుమానం వినిపిస్తుంది. అక్కడ రోజులెలా గడిచేవి, ఏం తినేవాళ్లు, రాత్రి కాపలాలో భయమేసేదా అని అడగండి. ఇష్టమైతే చెప్తాడు, లేకపోతే వదిలేయండి. మేనత్త కొడుకుతో మాత్రం మీరే మాట్లాడాలి, ఆ పని తమ్ముడి మీద పెట్టొద్దు. ఆ ప్రశ్న చనిపోయిన కూలీలను కూడా నవ్వులాటలో కలిపేసిందని నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న: జవాన్ల తప్పుల గురించి పోస్టు పెడితే దేశద్రోహి అంటున్నారు. రాయడం మానేయాలా?
– విద్యార్థి, వరంగల్

జవాబు: రాయండి. 2020 జులైలో కశ్మీర్‌లోని అంశీపొరాలో ముగ్గురు కూలీ కుర్రాళ్లను చంపి మిలిటెంట్లని చెప్పినప్పుడు, అధికారాలు మీరారని తేల్చింది సైన్యం సొంత విచారణే. కోర్టు మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టు, ఒక కెప్టెన్‌కు యావజ్జీవం వేసింది, తర్వాత 2023 చివర్లో సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది. ఇవన్నీ తేదీతో, ఊరి పేరుతో రాయండి, తెలియనిది కలపకండి. పెట్టేముందు పోస్టులో "ఆర్మీవాళ్లంతా" అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూసుకుని తీసేయండి. పైన ఉత్తరం రాసిన అక్కయ్య తమ్ముడు కూడా అది చదువుతాడు.