మీ రిజల్ట్ రద్దయింది బైక్ మార్చినందుకు కాదు

జ్విఫ్ట్ (ఇంట్లో ట్రైనర్ మీద సైకిల్ తొక్కుతూ ఆన్‌లైన్లో రేసులాడే ఆట) రేసులో మీ రిజల్ట్ రద్దు చేశారని, మధ్యలో బైక్ మార్చినందుకేనా అని అడిగారు. తేడా దాదాపు ఖాయంగా మీ బరువు దగ్గరే వచ్చింది. జ్విఫ్ట్‌లో ఎత్తు ఎక్కేముందు తేలిక బైక్‌కు మారడం, దిగేటప్పుడు పెడల్ ఆపి సూపర్‌టక్‌లో (హ్యాండిల్ మీదికి బాగా వంగి) జారడం లొసుగులే, మోసం కాదు. అవి అందరికీ ఉన్నవే. (బయటి రేసుల్లో సూపర్‌టక్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2021లో నిషేధించింది. ఆటకు అది వర్తించదు.)

ప్రొఫైల్లో 68 కిలోలు, ఇప్పటి తూకం 72 అని మీరే రాశారు. 240 వాట్లకు (తొక్కే శక్తి) 68తో లెక్కేస్తే కిలోకు 3.53, 72తో 3.33. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది పెద్ద తేడా.

1. రేసు రోజు తూకం చూసుకుని బరువు మార్చండి. ప్రొఫైల్లో మీ ఒంటి ఎత్తు కూడా సరిచూడండి, గాలి నిరోధం లెక్కలో అదీ ఉంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: మీది వీల్-ఆన్ ట్రైనర్ (వెనక చక్రం రోలర్‌కు ఆనే స్టాండు) కదా, అది చల్లగా ఉండగా కాలిబ్రేట్ చేయొద్దు, అంటే కొలత సరిచేయొద్దు. టైరులో ఎప్పుడూ ఒకే ప్రెషర్ పెట్టండి, పది నిమిషాలు తొక్కండి, వేడెక్కాకే స్పిన్‌డౌన్ (చక్రాన్ని వేగంగా తిప్పి, దానంతటదే ఆగనిచ్చే కాలిబ్రేషన్) చేయండి. లేకపోతే మీకు తెలియకుండానే తప్పుడు వాట్లు వెళ్తాయి.

3. బైక్‌కు పవర్ మీటర్ (వాట్లు కొలిచే సాధనం) ఉంటే దాన్ని వేరే పరికరంలో రికార్డు చేసి, ఆ ఫైలూ ట్రైనర్ ఫైలూ రెండూ రుజువుగా దాచుకోండి.

నా లెక్కలో గీత ఒకటే: ఆటలోకి వెళ్లే అంకె మీ కాళ్లదేనా? 2019లో బ్రిటిష్ ఈ-రేసింగ్ టైటిల్ ఒకటి రద్దయింది, విజేత ఆటలోని తన బైక్‌ను నకిలీ వాట్లతో సంపాదించాడని.

అప్పీల్లో బైక్ గొడవ ఎత్తకండి. బరువు మార్చడం మరిచిపోయానని ఒప్పుకుని, సరైన అంకె రాయండి.