పేరు కనపడని గొంతు గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

వేరే వేరే బృందాల పేర్లతో వచ్చిన పాటలకి గొంతిచ్చిన ఇంగ్లండ్ గాయకుడు టోనీ బరోస్ మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న రాత్రి చదివాను, నిన్న పొద్దున మళ్లీ చదివాను. పాటలన్నీ వెతికి విన్నావు, తేదీలు సరిచూసుకున్నావు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది. కానీ మొదటి పేరాలోనే ఆయన్ని "దురదృష్టవంతుడు" అన్నావు. ఆ మాట కొట్టెయ్యి.

1970 మొదట్లో ఒకే రోజు బీబీసీ పాటల కార్యక్రమంలో ఆయన మూడు బృందాల తరఫున కనిపించాడన్న కథతో మొదలుపెట్టావు. ఆయన గురించి రాసేవాళ్లందరూ అక్కడే మొదలుపెడతారు. వింతగా ఉంటుంది కాబట్టి పాఠకుడు ఆగుతాడు, నిజమే. కానీ ఇన్ని బృందాలవాళ్లు ఆయన్నే ఎందుకు పిలిచారు? నీ వ్యాసంలో దానికి జవాబు లేదు. నీ దగ్గరున్న వివరాల్లో మాత్రం ఉంది, చూడు.

1942లో ఎక్సెటర్‌లో పుట్టాడు. కుర్రతనంలో కెస్ట్రెల్స్ అనే బృందంలో పాడాడు. 1963లో వాళ్లు బీటిల్స్‌తో కలిసి ఊరూరా తిరిగారు. ఆ బృందంలో ఆయన పక్కన నిలబడి గొంతు కలిపిన రోజర్ గ్రీన్‌అవే, రోజర్ కుక్ తర్వాత పాటలు రాయడం మొదలుపెట్టారు. వైట్ ప్లెయిన్స్ అనే బృందం పేరుతో వచ్చిన 'మై బేబీ లవ్స్ లవిన్' పాట రాసింది వాళ్లే, పాడింది బరోస్. 1966లో ఐవీ లీగ్ అనే ఇంకో బృందం నుంచి జాన్ కార్టర్ బయటికి వెళ్తే ఆ స్థానంలోకి వచ్చింది బరోస్. ఎనిమిదేళ్ల తర్వాత, 1974లో, అదే కార్టర్ తన భార్యతో కలిసి రాసిన 'బీచ్ బేబీ'కి మళ్లీ బరోస్‌నే పిలిచాడు. కాలిఫోర్నియా సముద్రతీరం మీద ఇంగ్లండ్ వాళ్లు కట్టిన ఆ పాట అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. పక్కన నిలబడి పాడినవాళ్లకి ఆ గొంతు ఏం చెయ్యగలదో తెలుసు. అందుకే పిలిచారు. నీ వ్యాసానికి ఇదే వెన్నెముక.

ఇంకో మాట. మనవాళ్లకి తెలిసిన పదం కదా అని ఆయన్ని "ట్రాక్ సింగర్" అన్నావు. అది కుదరదు. మన దగ్గర ట్రాక్ పాడినవాడి గొంతు తీసేసి వేరే గొంతు పెడతారు. బరోస్ గొంతు రికార్డులో అలాగే ఉంది. లేనిది పేరు. ఎడిసన్ లైట్‌హౌస్ అనే బృందం పేరుతో ఆయన పాడిన 'లవ్ గ్రోస్' సంగతే చూడు. ముందు పాట రికార్డయింది, టీవీలో కనిపించడానికి బృందాన్ని తర్వాత సమకూర్చారు. మూడు నిమిషాలు కూడా లేని ఆ పాట ఐదు వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది. ఈమధ్య టిక్‌టాక్‌లో మళ్లీ ఊపందుకుంటే, పాడిందెవరో తెలియని పిల్లలు కూడా పాడుకున్నారు.

ఇప్పుడు ఎల్టన్ జాన్ 'టైనీ డాన్సర్' పెట్టుకుని విను. హెడ్‌ఫోన్స్‌తో, ఇంకే పనీ చెయ్యకుండా విను. 1971 నాటి పాట. పల్లవి రెండు నిమిషాలు దాటాక గానీ రాదు. వెనక పాడిన గుంపులో బరోస్ ఉన్నాడు. ఏది ఆయన గొంతో నాకైతే దొరకలేదు. రెండు మూడు సార్లు వెతికాక అర్థమైంది, అలా దొరక్కుండా పాడటమే అక్కడ ఆయన పని అని. ఒకచోట పాటంతా తన భుజాల మీద మోసి, ఇంకోచోట పదిమందిలో కలిసిపోయాడు. రెండూ వచ్చిన మనిషిని జాలితో చూడటానికి మనమెవరం?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాతికేళ్ల వయసులో నేను ఒక వారపత్రికకి ఏడాదిన్నర పాటు వేరేవాళ్ల పేరుతో శీర్షిక రాశాను. అది పుస్తకంగా వచ్చినప్పుడు నాకు ఒక్క కాపీ కూడా ఇవ్వలేదు. కడుపు మండింది. చాలా ఏళ్లు మండింది. కానీ వాక్యం ఎక్కడ ఆపాలో నేను నేర్చుకున్నది ఆ గురువారం రాత్రుల్లోనే, తెల్లారేసరికి కాపీ అందించాలన్న టెన్షన్‌లోనే. ఎవరైనా "అయ్యో పాపం" అంటే నా అన్యాయం ఒక్కటే వాళ్లకి కనపడిందని, నా పని కనపడలేదని బాధ కలుగుతుంది.

అన్యాయం గురించి రాయొద్దని కాదు. సెషన్ గాయకుడికి, అంటే రికార్డింగ్ ఉన్న పూటకి స్టూడియోకి పిలిపించుకునే గాయకుడికి, అప్పట్లో మామూలుగా ఆ పూటకి ఇంత అని చేతికిచ్చేవారు, పాట లక్షల్లో అమ్ముడుపోయినా ఆ లెక్క మారేది కాదు. అది ఉన్నదున్నట్టు రెండు వాక్యాల్లో రాయి, విశేషణాలు వద్దు. స్టూడియోలో ఆయన ఏమనుకున్నాడో మాత్రం ఊహించి రాయకు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. మొదటి పేరా తిరగరాసి ఫోన్ చెయ్యి. వాట్సాప్‌లో పంపకు, చదివి వినిపించు.

అక్కయ్య