సమాధానం: ఉబుంటులో సుడోతోనే పనిచేస్తున్న ఆర్డుయినో

ఉబుంటు లినక్స్‌లో ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌ను సుడోతో (అడ్మిన్ అధికారంతో నడిపే ఆదేశం) తెరిస్తేనే ఆర్డుయినో సర్క్యూట్ బోర్డుకు ప్రోగ్రామ్ ఎక్కుతోంది, లేకపోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది కదా, తప్పు ఆర్డుయినోది కాదు. బోర్డు తగిలించిన యూఎస్‌బీ పోర్టు రూట్‌కూ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా), డయలౌట్ (dialout) అనే యూజర్ల గ్రూపుకూ మాత్రమే తెరిచి ఉంటుంది. మీరు ఆ గ్రూపులో లేరు.

1. యూజర్‌మాడ్ (usermod) ఆదేశంతో మీ ఖాతాను డయలౌట్‌లో చేర్చండి. అందులో చిన్న ఏ, పెద్ద జీ ఆప్షన్లు (-aG) రెండూ ఇవ్వాలి. ఏ మరిచిపోతే మిగతా గ్రూపులన్నీ పోతాయి, సుడోతో సహా!

2. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) మూసి తెరిస్తే చాలదు. పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అనుమానంగా ఉంటే రీస్టార్ట్ చేయండి.

3. తర్వాత టెర్మినల్‌లో గ్రూప్స్ (groups) అని మాత్రమే కొట్టి, జాబితాలో డయలౌట్ ఉందో లేదో చూడండి. పక్కన మీ యూజర్ పేరు రాయవద్దు. పేరు రాస్తే సిస్టమ్‌లో నమోదైనది చూపుతుంది గానీ, ప్రస్తుత సెషన్‌కు అందినది కాదు. ‘గ్రూపులో ఉన్నాను, అయినా పనిచేయదు’ అనే ఫిర్యాదులు చాలావరకు ఇలా పుట్టినవే.

4. ఇంకా మొరాయిస్తే, సుడోతో నడిపినప్పటి ఫైళ్లు మీ హోమ్ ఫోల్డరులో రూట్ పేరిట మిగిలాయేమో చూడండి. ఉంటే చోన్‌తో (chown, ఫైలు యజమానిని మార్చే ఆదేశం) మీ పేరిట మార్చండి.

పోర్టుకు 777 (అందరికీ పూర్తి అనుమతి) ఇవ్వమనే సలహా వినకండి. కేబుల్ తీసి మళ్లీ పెడితే ఆ అనుమతి ఎగిరిపోతుంది.