లడ్డూ వద్దన్నాను, తూకంలో కిలో కొట్టాను

"కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో పూజలు, ప్రసాదాలు, నెలకో మందు పార్టీ. వీళ్లందరి మధ్య ఉంటూ క్రైస్తవుడిగా ప్రత్యేకంగా, పరిశుద్ధంగా బతకడం ఎలా?" అని అడిగారు.

బ్రదర్, నేను పాస్టర్‌ని కాదు. గుంటూరు మిర్చి యార్డులో 18 ఏళ్లుగా గుమస్తాని. నేను చేసిన తప్పు నుంచే మొదలుపెడతాను.

చేరిన ఏడాది దసరాకి మా కమీషన్ షాపులో కాటాకి పూజ చేశారు. పెద్ద గుమస్తాని అందరం బాబాయ్ అంటాం. ఆయన లడ్డూ తెచ్చి నా చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, "మేం విగ్రహాలకు పెట్టినవి తినం" అని పదిమందిలో గట్టిగా అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. నాకేమో గర్వం. ఆ ఆదివారం చర్చిలో లేచి దాన్ని సాక్ష్యంగా చెప్పాను కూడా.

ఫిబ్రవరి వచ్చేసరికి సీజన్ ఊపందుకుంది. గోనె బరువు తీసేశాక కూడా టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంకో కిలో తరుగు రాయమని యజమాని చెప్పాడు, రాశాను. టిక్కీ 40 కిలోలనుకుంటే, 60 టిక్కీలు తెచ్చిన రైతుకి టిక్కీన్నర కాయలు పోయినట్టే. ఆ మిగులులోంచి నెలాఖరున నాకూ కొంత చేతిలో పడేది. ఒక సాయంత్రం బాబాయ్ నా చీటీలు తిరగేసి, "ఏరా అబ్బాయ్, లడ్డూ తింటేనే పాపమా? ఇది కాదా?" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు, మామూలుగానే అడిగాడు. నాకు జవాబు లేదు.

ఆ రాత్రి లేవీయకాండం 19వ అధ్యాయం తీశాను. నేను పరిశుద్ధుడను గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలని దేవుడు చెప్పే అధ్యాయం అది. విగ్రహాల జోలికి పోవద్దని అందులో ఉంది, నిజమే. ఆ తర్వాత ఏముందో చూడండి: కోతలప్పుడు పొలం అంచులు పేదలకు వదలాలి, కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోకూడదు, చివర్లో త్రాసులు, తూకపు రాళ్లు న్యాయంగా ఉండాలి. అప్పటికి ఎన్నిసార్లు చదివానో. రోజంతా కాటా పక్కనే నిలబడే నాకు ఆ మాట కంటబడనే లేదు.

మర్నాడు యజమానితో తరుగు రాయలేనని చెప్పాను. తిట్టాడు. పని మాన్పించలేదు గానీ కాటా దగ్గర్నుంచి తీసేసి కోల్డ్ స్టోరేజీ లెక్కలకు పంపాడు. పైసంపాదన పోయింది. ఇంట్లో రెండేళ్లు ఇబ్బందే, అద్భుతమేమీ జరగలేదు. తరుగు రాయడానికి ఇంకొకణ్ని పెట్టుకున్నారు.

ఇక మీరడిగిన వాటికి వస్తాను. ప్రసాదం నేను ఇప్పటికీ తినను. విగ్రహాలకు పెట్టినవి తినడం గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసింది చదివి కొందరు తింటారు, వాళ్లతో నాకు పేచీ లేదు. దసరా ముందు షాపు ఊడుస్తాను, కాటా కడుగుతాను, అది నా పని. పూజ జరుగుతుంటే పక్కన నిలబడతాను, బొట్టు పెట్టబోతే నవ్వి నమస్కారం పెడతాను. పార్టీకి వెళ్తాను, థమ్సప్ తాగుతాను, తాగినవాళ్లని బండి మీద ఇళ్ల దగ్గర దింపుతాను. విశ్వాసులు కానివాళ్లని లోకస్తులు అనడం మాత్రం మానేశాను. చర్చిలో అలవాటుగా వాడతాం గానీ, బాబాయ్‌ని ఆ మాట అనడానికి నోరు రాదు.

బైబిల్లో దానియేలుని చూడండి. బందీగా వెళ్లిన బబులోనులో వాళ్లు పెట్టిన పేరు పెట్టించుకున్నాడు, వాళ్ల భాష నేర్చుకున్నాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. అక్కడా గొడవ పడలేదు, పది రోజులు పరీక్షించి చూడమని పై అధికారిని బతిమాలుకున్నాడు. తర్వాత శత్రువులు ఎంత వెతికినా అతని ఉద్యోగంలో తప్పు దొరకలేదు. మీ ప్రశ్నలో పూజ ఉంది, పార్టీ ఉంది. బిల్లులు, హాజరు పట్టీ లేవు. నేనైతే ముందు వాటినే చూసుకుంటాను.

బాబాయ్‌కి ఆ ఉగాదికే క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి దసరాకి, పూజలో పెట్టకముందే నాలుగు లడ్డూలు విడిగా తీసి కాగితంలో చుట్టి నా కోసం ఉంచుతాడు. ఆయన గుడ్డు ముట్టడు కాబట్టి క్రిస్మస్‌కి మా ఆవిడ ఆయన కోసం గుడ్డు లేని కేక్ వేరేగా చేస్తుంది.